సగం మాత్ర

"మాత్ర వేసుకున్యావా?"

గొర్రెలకు మేత వేశావా అని అడిగినట్టే అడిగాడు రవికుమార్, మోటార్‌సైకిల్ తుడుచుకుంటూ, తల కూడా ఎత్తకుండా. అశ్వర్థమ్మ అతిథుల గది ముందర గొంతుక్కూర్చుని పేడతో అలుకుతోంది. ఇల్లంతా ఎప్పుడో సిమెంటు చేయించారు. ఈ గది ముందు మాత్రం అలుకే ఉండాలని ఆయన ఉత్తర్వు. "సిటీవాళ్ళకు ఈ వాసనే కావల్లంట" అంటాడు. పేడ కలిపే చేతులు ఎవరివని సిటీవాళ్ళు అడగలేదు కాబట్టి ఆయనా చెప్పలేదు.

"వేసుకుంటాలే" అంది.

"వేసుకుంటాలే గాదు. రేపు పొద్దున ఫారిన్ పాప ఒకతె వస్తాండాది. బెంగళూరు కాలేజీలో చదువుకుంటాందంట. శనాదివారాలు మన ఇంట్లోనే. మార్చిలో అయినట్ల మళ్ళీ అయితే నా మొగం యాడ పెట్టుకోవల్ల?"

మార్చిలో ఏమైందో చెప్పాలంటే ముందు ఈ గది సంగతి చెప్పాలి.

ఇప్పుడు చూస్తే ముచ్చటేస్తుంది. మట్టిగోడలకు తెల్లటి సున్నం, కింద ఎర్రమన్ను పట్టె, లోపల నులకమంచం, ఫ్యాను, వెనక కొత్త బాత్రూము. తలుపు ఒక్కటే పాతది, నడుం వంచితేగానీ లోపలికి పోలేనంత పొట్టిది. ఫామ్‌స్టేలు నడిపే బెంగళూరు కంపెనీ వాళ్ళు దీని ఫొటో కింద "తాతల నాటి గింజల కొట్టు" అని రాశారు. గింజలట! ఈ గదిలో ఏనాడూ ఒక్క గింజ పోసిన పాపాన పోలేదు. ఇది ఆ ఇంటి ఆడవాళ్ళ బయట గది. నెలనెలా ముట్టయినప్పుడు ఇంట్లో కాలు పెట్టకుండా, పొయ్యి ముట్టకుండా, మనిషిని ముట్టకుండా మూడు దినాలు కూర్చునే గది. రవికుమార్ అవ్వ కూర్చుంది, అమ్మ రామసుబ్బమ్మ కూర్చుంది, పెళ్ళయి వచ్చాక అశ్వర్థమ్మ కూర్చుంది. గోడకు కింద, నేల నుంచి జానెడెత్తులో, పళ్ళెం పట్టేంత కంత ఉంది. అందులోంచి సంగటి ముద్ద లోపలికి నెట్టేవాళ్ళు, కుక్కకు నెట్టినట్టు.

కొత్తకోడలిగా మొదటిసారి ఆ కంతలోంచి పళ్ళెం వచ్చినప్పుడు అశ్వర్థమ్మ తినలేదు. గోడవైపు తిరిగి ఏడ్చింది. పుట్టింట్లోనూ దూరం కూర్చునేది గానీ, అక్కడ వసారాలో చాప వేసుకుంటే అమ్మ ఎదురుగా కూర్చుని కబుర్లు చెప్పేది. ఇక్కడ కబుర్లు లేవు, కంతే. ఎన్ని నెలలు ఏడ్చిందో. ఆ తర్వాత ఏ ఏడాదో ఆమెకే తెలీదు, ఏడుపు పోయి నిద్ర వచ్చింది. మిగతా నెలంతా తెల్లవారింది మొదలు "ఏమ్మే, నీళ్ళు", "ఏమ్మే, గొర్రెలు", "ఏమ్మే, కాఫీ యాడ?" అని ఇల్లు ఆమె వెంట పడి తరిమేది. ఆ మూడు దినాలు పిలిచేవాళ్ళు లేరు. పిలిచినా లాభం లేదు. పట్టపగలు కాళ్ళు చాపుకుని పడుకుని, పొట్టి తలుపులోంచి గుట్టల మీద తిరిగే గాలిమరలు చూసేది. లోపల రామసుబ్బమ్మ పొయ్యి దగ్గర దగ్గుతూ, తిట్టుకుంటూ, పాలు పొంగించుకుంటూ ఉంటే దుప్పటి నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుకునేది. ఛీ, అవమానాన్ని సెలవనుకునే బతుకూ ఒక బతుకేనా అని సిగ్గేసేది. సిగ్గేసినా మళ్ళీ నెల ఎప్పుడొస్తుందా అని చూసేది.

వరసగా వానలు ఎగ్గొట్టి, బోరు కూడా ఎండాక, రవికుమార్‌కు ఫామ్‌స్టే ఆలోచన వచ్చింది. పుట్టపర్తికి వచ్చిపోయే ఫారిన్ వాళ్ళను పుట్టిన కాడినుంచీ చూస్తున్నవాడు, వాళ్ళలో నలుగురు తన ఇంటికెందుకు రాకూడదు అనుకున్నాడు. కంపెనీ వాళ్ళు వచ్చి మట్టిగోడల గది ఏదైనా ఉందా అని అడిగారు. ఇంటి మొత్తం మీద మట్టిగోడలు మిగిలింది ఆ ఒక్క గదికే. దాన్ని చూసి వాళ్ళు ఎగిరి గంతేశారు. రామసుబ్బమ్మ ఒక్కతే అడిగింది, "అయితే ఇంక ఆడోళ్ళు యాడ కూర్చోవల్లరా?" అని. "చూద్దాంలేమ్మా" అన్నాడు కొడుకు. అశ్వర్థమ్మను మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు.

ఆ చూద్దాంలే మార్చిలో వచ్చింది. హైదరాబాదు నుంచి మొగుడూ పెళ్ళాం దిగిన పొద్దే అశ్వర్థమ్మ బయట చేరింది. గొర్రెల దొడ్డి పక్కన గోనెసంచి మీద కూర్చుంది. రామసుబ్బమ్మ మోకాళ్ళ నొప్పులతో పొయ్యి దగ్గర నిలబడలేకపోయింది. రవికుమార్ కొత్తచెరువు బజారుకు పోయి బిర్యానీ పొట్లాలు తెచ్చాడు. వచ్చినవాళ్ళు తిని, పోయి, "ఇంటి భోజనం అని చెప్పి హోటల్ బిర్యానీ పెట్టారు" అని కంపెనీకి రాసిపడేశారు. ఆ వారమే మెడికల్ షాపు నుంచి ఒక మాత్రల అట్ట వచ్చింది. "పెండ్లిండ్లకు, తిరపతికి పొయ్యేవాళ్ళు అందరూ వేసుకునేదే. రెండు దినాలు వెనక్కి జరుపుతాది, అంతే. ఈ ఒక్కసారికే" అన్నాడు.

ఒక్కసారి ఎప్పుడైనా ఒక్కసారి అయ్యిందా? అతిథులు శనాదివారాల్లోనే వస్తారు. ఆమె తేదీ ఏ వారానికి తగిలితే ఆ వారం మాత్ర. రవికుమార్ ఫోన్లో బుకింగులు పచ్చరంగులో, ఆమె తేదీలు ఎర్రరంగులో ఉంటాయి. "ఈసారి రెండూ ఒకే దినం వస్తాండాయి చూడు" అని తెచ్చి చూపిస్తాడు, పెద్ద విశేషంలాగా. మాత్రలు ఆపితే వరద, వేసుకుంటే తలనొప్పి, కాళ్ళ వాపు, కడుపులో ఎవరో పిడికిలి బిగించి వదలనట్టు ఒక పట్టు. ఒళ్ళు తన ఒళ్ళులా లేదు. పుట్టపర్తిలో డాక్టరమ్మ చూసి, ఇట్లా మాటిమాటికీ మింగితే ఎట్లమ్మా, మానెయ్ అంది. ఇంటికొచ్చి చెబితే రవికుమార్ నవ్వాడు. "డాక్టర్లు అట్లనే అంటారు. నీ ఒళ్ళు సంగతి నాకు తెలీదా?" అన్నాడు.  

ఇప్పుడు అలుకు పూర్తి చేసి, చేతులు కడుక్కుని, వంటింట్లోకి పోయి మాత్ర మింగింది.   డాక్టరమ్మ మాట గుర్తొచ్చింది గానీ, తెలిసి చేసేదేముంది అనుకుంది.

శనివారం పొద్దున మోటార్‌సైకిల్ వెనకనుంచి దిగిన పిల్లను చూసి రామసుబ్బమ్మ ముక్కున వేలేసుకుంది. "ఇదేంరా, ఫారినంటివి, మనకన్నా నల్లగుండాదే!" పిల్ల పేరు నీమా. ఊరు టాంజానియాలో ఎక్కడో. ఒక ఏడాది చదువుకని బెంగళూరు వచ్చిందట. నున్నగా నూనె పెట్టినట్టు మెరిసే నలుపు, చిన్న చిన్న జడలు, పెద్ద నవ్వు. అవ్వ ఏమంది అని ఇంగ్లీషులో అడిగితే, తొమ్మిదో తరగతి చదివే అశ్వర్థమ్మ కూతురు చాందిని క్షణం కూడా ఆలోచించకుండా, మీరు చాలా అందంగా ఉన్నారంట అని చెప్పేసింది. ఇంటికి వచ్చే విదేశీయులకు చాందినే దుబాసి. అవ్వ నోట్లోంచి వచ్చిన దాన్ని కడిగి, ఆరబెట్టి, మడతపెట్టి అందించడం ఆ పిల్లకు బాగా అలవాటైంది.

అశ్వర్థమ్మ మాత్రం అత్త మాట విని నీమాను ఇంకోసారి చూసింది. పెళ్ళిచూపుల నాడు తనను చూసి ఇదే అత్త "కర్రిది" అంది. ఆ పూట దుబాసీలెవరూ లేకపోయారు.

నీమాకు చేను చూపించడానికి అందరూ బయల్దేరారు. పెరికిన శెనక్కాయ చెట్లు కుప్పలుగా పడున్నాయి, కాయ పీకాల్సి ఉంది. రవికుమార్ తనకొచ్చిన ఇంగ్లీషులో సేద్యం పాఠం మొదలుపెట్టాడు. నీమా రెండు నిమిషాలు విని, కుప్ప పక్కన చతికిలబడి, చెట్టు అందుకుని చకచకా కాయ పీకడం మొదలుపెట్టింది. మా ఊళ్ళోనూ ఇదే పంట, ఇదే ఎర్రమన్ను, ఇదే వాన రాకపోవడం అంది. చాందిని చెబుతుంటే అశ్వర్థమ్మకు నవ్వాగలేదు. వచ్చి పక్కన కూర్చుంది. ఇద్దరి చేతులూ ఒకే ఊపున ఆడుతున్నాయి. రవికుమార్ ఫోన్ తీశాడు.

"ఏమ్మే, కొంచెం పక్కకు జరుగు. పాప ఒక్కతే పడల్ల ఫొటోలో."

జరిగింది. ఫొటోలో పడకుండా ఉండడం ఆమెకు కొత్త కాదు. అయితే నీమా ఫోన్ వైపు చూడలేదు. జరిగిన మనిషి వైపు చూసింది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర నీమా ఒక ప్రశ్న అడిగింది. చాందిని నమిలేది ఆపి, నాయన వైపు చూసింది.

"నాయనా, ఆ గదిలో గోడకు కింద కంతేమిటని అడుగుతాంది. వాళ్ళ అవ్వ కూడా గింజలు దాస్తాదంట. ఎలకలు రాకుండా గట్టి గుంజల మీద, ఎత్తులో దాస్తాదంట. మీరేమి నేల దగ్గరే ఇంత కంత పెట్టినారు అంటాంది."

రామసుబ్బమ్మ మజ్జిగ గ్లాసు అందుకుంది. రవికుమార్ గొంతు సవరించుకున్నాడు. "గాలికి. గింజలకు గాలి తగలల్ల గదా. అట్లని చెప్పు."

చాందిని చెప్పింది. నీమా తలూపింది గానీ నమ్మినట్టు లేదు. వడ్డిస్తున్న అశ్వర్థమ్మ చేతిలో గరిటె ఒక్క రవ్వ ఆగి, మళ్ళీ కదిలింది. గాలికంట. ఆ కంతలోంచి తన కూడు వచ్చేది, అత్త తిట్లు వచ్చేవి, పసిబిడ్డగా ఉన్న చాందిని చిన్న చెయ్యి ఒకసారి లోపలికి వచ్చి "మా, మా" అని వెతికింది. ముట్టుకోవద్దు పాపా అని తను ఆ చెయ్యి అందనంత దూరం జరిగి కూర్చుంది. 

సాయంత్రం గొర్రెలను దొడ్డిలోకి తోలుతుంటే నీమా వచ్చి ఆ కంత సంగతి అశ్వర్థమ్మనే సూటిగా అడిగింది, చాందినిని పక్కన పెట్టుకుని. అశ్వర్థమ్మ గేటు గొళ్ళెం వేస్తూ, "మీ నాయన చెప్పిందే చెప్పు" అంది కూతురితో.

చాందిని చెప్పడం మొదలుపెట్టింది. చెబుతూనే ఉంది. గాలికి అనే మాటకు ఇంగ్లీషులో అంత పొడుగు ఉంటుందా? నీమా ముఖంలో నవ్వు మెల్లగా పోయింది. ఒకసారి గది వైపు, ఒకసారి గొర్రెల దొడ్డి వైపు చూసి, గబగబా లోపలికి పోయింది.

"ఏం చెప్పినావే?"

"నిజమే చెప్పినా." చాందిని గడ్డం పైకెత్తింది. వేసవిలో పెద్దమనిషి అయినప్పటినుంచీ ఆ పిల్ల కూడా నెలకు మూడు దినాలు ఈ గొర్రెల పక్కనే గోనెసంచి మీద కూర్చుని హోంవర్కు రాసుకుంటోంది. "అది గింజల కొట్టు గాదు, మా అమ్మ గది అని చెప్పినా. ఇప్పుడు ఆడ మీరు పండుకుంటాండారు, మీకు వండల్లని మా అమ్మ మాత్రలు మింగుతాంది అని చెప్పినా. తప్పా?"

అశ్వర్థమ్మకు తిట్టాలా, ముద్దు పెట్టుకోవాలా తెలియలేదు. అంతలో నీమా తన బ్యాగూ దిండూ చంకన పెట్టుకుని పొట్టి తలుపులోంచి వంగి బయటికొచ్చింది. వసారాలో పడుకుంటానని సైగ చేసింది. చాందిని దగ్గర నేర్చుకున్న తెలుగు ముక్కలు ఏరుకుని, తడుముకుని, "అక్కా, సారీ. ఇది మీ గది" అంది.

"అయ్యో తల్లీ, పో, పోయి పండుకో. నీ తప్పేముండాది" అని బలవంతంగా బ్యాగు తీసుకుపోయి మళ్ళీ లోపల పెట్టింది.

పెట్టింది గానీ ఆ మాట ఆమెను నిలవనివ్వలేదు. మీ గది. ఊడ్చిన వాకిలే మళ్ళీ ఊడ్చింది. తోమిన గిన్నె మళ్ళీ తోమింది. ఈ ఇంట్లో వంటిల్లు అత్తది. బీరువా మొగుడిది, తాళం మొలతాడుకే ఉంటుంది. చేను మామ పేరు మీదినుంచి మొగుడి పేరు మీదికి వచ్చింది. పద్దెనిమిదేళ్ళలో తనది అని ఎవరైనా వేలు పెట్టి చూపించింది ఆ కుక్కగూడునా? అదైనా నాదని నాకెందుకు అనిపించింది? అనిపించినందుకు ఏడవాలా, అది కూడా ఊడబెరుక్కున్నందుకు ఏడవాలా? పడుకున్నా అటూ ఇటూ దొర్లడమే అయ్యింది. పక్కన రవికుమార్ హాయిగా గురక పెట్టాడు.

ఆదివారం పొద్దున మాత్ర ఆయనే తెచ్చి చేతిలో పెట్టాడు, నీళ్ళతో సహా. మొగుడు అట్లా నీళ్ళు తెచ్చి ఇవ్వడం మాత్ర రోజుల్లోనే జరుగుతుంది. ఆయన కళ్ళెదుటే మింగింది. నీమా మధ్యాహ్నం బండికి పోవాలి. పోయేముందు మంచి భోజనం పెట్టాలని నాటుకోడి కూర, బెల్లం పూర్ణం పెట్టిన ఓళిగలు, ఊరుబిండి పచ్చడి, సంగటి. తెల్లవారిందగ్గరనుంచి పొయ్యి ముందే ఉంది. కూర దించింది. ఓళిగలు పళ్ళెంలో పేర్చింది. ఉడికిన బియ్యం మీద రాగిపిండి పోసి, కట్టె పట్టుకుని సంగటి తిప్పబోతోంది. అప్పుడు వసారాలో రవికుమార్ ఫోన్ పెట్టేసి, కేక వేసినంత గట్టిగా నవ్వాడు.

"అమ్మా, నీమా పాప నిన్న వచ్చీరాంగానే కాలేజీ వాళ్ళకు చెప్పిందంట మన ఇల్లు బాగుండాదని. వచ్చే శనివారం పదిమంది వస్తాండారు, వాళ్ళ టీచరుతో సహా, పొద్దున వచ్చి సాయంత్రం పోతారంట! చాందిని గూడా దగ్గరుండల్ల. మాట్లాడల్ల, వడ్డించల్ల."

"పాప తేదీ గూడా ఆ వారంలోనే గదరా" అంది రామసుబ్బమ్మ. మనవరాలి తేదీలు ఆమెకు నోటికి వచ్చు.

రవికుమార్ వంటింటి వైపు తిరిగాడు.

"ఏమ్మే, పాపకు గూడా ఆ మాత్రే ఇయ్యి. చిన్నపిల్ల గదా, సగం ఇయ్యి చాలు."

ప్రేమగానే అన్నాడు. అదే ఆమెను కాల్చింది. కూతురి మీద ఉన్న ప్రేమంతా కలిపితే ఆయనకు సగం మాత్రగా కనిపించింది.

అశ్వర్థమ్మ చేతిలో సంగటి కట్టె ఆగిపోయింది. సగం. తనకు "ఈ ఒక్కసారికే" అని మొదలైంది, పిల్లకు "సగం" అని మొదలవుతోంది. పదమూడేళ్ళ పిల్ల, ఇంకా దాని ఒంటి లెక్క దానికే సరిగ్గా కుదరలేదు. ఈ సగం ఎప్పుడు ఒకటవుతుంది? ఒకటయ్యాక ఎవరు ఆపుతారు, నేనా? నాకు నేను ఆపుకోలేనిదాన్ని! ఇవ్వను అంటే ఏం జరుగుతుందో ఆమెకు ముందే వినిపిస్తోంది. "నువ్వేమన్నా డాక్టరువా" అని ఆయన నవ్వుతాడు. "ఇంటి మానం తీస్తాండాది" అని అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటుంది. ఆ పోట్లాట మనసులో వందసార్లు పోట్లాడింది, మనసులో కూడా తనే ఓడిపోయింది.   తన ఒంటి మీద ఎన్నాళ్ళయినా మోయగలదు. పిల్ల ఒళ్ళు మాత్రం ముట్టనివ్వకూడదు. ముట్టనివ్వకూడదు అనుకున్న ఆ మాట దగ్గరే ఆమె ఆలోచన ఠక్కున నిలబడింది.

నేను ముట్టయ్యానని వీళ్ళకు ఎట్లా తెలుస్తుంది?

నేను చెబితే తెలుస్తుంది. అంతే కదా! ఎవరూ చూసింది లేదు, చూడబోయేది లేదు. ఈ ఇంటి మడీ మైలా, వంటా వార్పూ, దేవుడి గూడూ అన్నీ ఇన్ని తరాలుగా ఆడదాని నోట్లోంచి వచ్చే ఒక్క మాట మీద నడుస్తున్నాయి. పద్దెనిమిదేళ్ళుగా ఆ మాట నిజంగా చెప్పి చెప్పి, అది ఎంత బలమైన మాటో ఆమెకే తెలియకుండా పోయింది.

కట్టె గిన్నెకు ఆనించి పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుని వసారాలోకి వచ్చింది.

"అత్తా, నేను బయట చేరినా."

"అయ్యో అయ్యో!" రామసుబ్బమ్మ కాళ్ళు పైకి లాక్కుంది. "పొయ్యి ముట్టుకున్యావే! కూర ముట్టుకున్యావే! ఓళిగలు గూడానే!"

రవికుమార్ ముఖం పాలిపోయింది. "ఏమంటాండావు? పొద్దున నా కండ్లెదురే మాత్ర మింగినావు గదా!"

"మింగినా. అయినా అయింది."

"యెట్లయితాది?"

"నా ఒళ్ళు సంగతి నీకు తెలుసు గదా" అంది అశ్వర్థమ్మ. "నువ్వే చెప్పు."

ఆయన దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "సరేలే, ఈ పొద్దుకు ఎవరికీ చెప్పొద్దు. లోపలికి పోయి సంగటి కానీ. ఆ పాపకేం తెలుస్తాది?"

"రేయ్!" రామసుబ్బమ్మ మంచం పట్టె మీద అరచేత్తో చరిచింది. "నాకు తెలుస్తాది గదరా! దేవుని గూడుండే కొంపలో ఏం మాట్లాడతాండావు? వచ్చిపొయ్యేవాళ్ళ కోసరం మైల కూడు తినమంటావా నన్ను?"

తల్లీకొడుకులు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటుండగా అశ్వర్థమ్మ మెట్లు దిగింది. గొర్రెల దొడ్డి వైపు పోలేదు. నిన్నగాక మొన్న తను అలికిన చోటే, పొట్టి తలుపు పక్కన గోడకు వీపు ఆనించి, కాళ్ళు చాపుకుని కూర్చుంది. ఎండ మోకాళ్ళ మీద పడింది. పుట్టి బుద్ధెరిగాక ఇంత పెద్ద అబద్ధం ఆడలేదు.  అయినా లేవాలనిపించలేదు.

గదిలో నీమాకు బట్టలు సర్దడంలో సాయపడుతున్న చాందిని తల వంచి బయటికొచ్చింది. వసారాలో మాటలన్నీ ఆ పిల్ల విన్నది. మాత్ర మాటా విన్నది, సగం మాటా విన్నది.

"మా, నిజంగానా?"

అశ్వర్థమ్మ కూతురి ముఖం చూసింది. "నన్ను ముట్టుకోవద్దు పాపా. ముట్టుకుంటే నువ్వు గూడా బయటే. మళ్ళీ నిన్ను లోపలికి రానియ్యరు."

చాందిని ఒకసారి వసారా వైపు చూసింది. తర్వాత వచ్చి అమ్మ పక్కన కూర్చుని, భుజం మీద చెయ్యి వేసింది. వేసి, నాయనకు వినిపించేంత గట్టిగా, "ముట్టుకున్యా" అంది.

ఈసారి అశ్వర్థమ్మ జరగలేదు. ఆ చెయ్యి పట్టుకుంది.

నీమా బ్యాగుతో బయటికొచ్చి ఏమైందని అడిగింది. చాందిని ఇంగ్లీషులో నాలుగు ముక్కలు చెప్పింది. ఇప్పుడు కడిగి ఆరబెట్టడం ఏమీ లేదు. నీమా బ్యాగు కింద పడేసి, అటువైపు వచ్చి కూర్చుని, అశ్వర్థమ్మ రెండో భుజం మీద చెయ్యి వేసి, "ముటుకునా" అంది, ఒత్తులన్నీ తప్పుగా. తల్లీకూతుళ్ళు పకపకా నవ్వారు. నవ్వుతూనే అశ్వర్థమ్మకు కళ్ళనిండా నీళ్ళొచ్చాయి.

రామసుబ్బమ్మ కర్ర పట్టుకుని, మోకాళ్ళు తిట్టుకుంటూ, వాకిలి సగం దాకా వచ్చి ఆగింది. ముగ్గురినీ చూసింది. కోడలి ముఖంలోకి చాలాసేపు చూసింది. ఆ ముసలి కళ్ళు ఆ గదిలోంచి ఎన్నేళ్ళు బయటికి చూశాయో. గోడ కింది కంత వైపు ఒకసారి పోయి, మళ్ళీ కోడలి మీదికి వచ్చాయి.

"నిజంగానే చేరినావా?" అంది, కొడుకుకు వినపడకుండా.

"నువ్వెప్పుడూ నిజంగానే చేరినావా అత్తా?"

రామసుబ్బమ్మ పెదవులు కదిలాయి. "మా కాలంలో, శెనక్కాయ పెరికే దినాల్లో, నడుము లెయ్యకుంటే..." అని మొదలుపెట్టి, చటుక్కున నోరు మూసుకుంది. వెనక్కి తిరిగి, ఉన్న గొంతంతా తెచ్చుకుని కొడుకు మీద అరిచింది. "ఏమిరా సూస్తా నిలబడినావు? కూర పారబోసి పొయ్యి కడుగు! ఎసరు మళ్ళీ పెట్టు! నా మోకాళ్ళతో నేను తిప్పలేను, నువ్వే తిప్పల్ల!"

"నాకు సంగటి తిప్పేది యాడొస్తాదమ్మా?"

"మాకు మాత్రం అమ్మ కడుపులోనే వచ్చిందేమిరా? పో!"

రవికుమార్ లోపలికి పోయాడు. గిన్నెలు ఒకదాని మీద ఒకటి పడ్డ చప్పుడు వచ్చింది. కొంచెంసేపటికి సంగటి కట్టె చేత పట్టుకునే గడపలోకి వచ్చి నిలబడ్డాడు. చొక్కా మీద పిండి, నుదుటి మీద చెమట. కోపంగా ఉన్నాడు గానీ, గొంతులో కోపం కన్నా భయమే ఎక్కువ వినిపించింది.

"పదిమంది వస్తాండారు వచ్చే శనివారం! ఎన్ని దినాలు ఇట్ల కూర్చుంటావు?"

"ఎప్పుడూ మూడు దినాలే గదా" అంది అశ్వర్థమ్మ.  కూతురి చెయ్యి ఇంకా తన చేతిలోనే ఉంది. "ఆ మాత్రల అట్ట తెచ్చి పొయ్యిలో ఎయ్యి. ఏసిన పొద్దు నుంచి లెక్కబెట్టుకో. అంతవరకూ మేం బయటే."